మీకు తెలుసా? ఇంటి లెక్క ఇంట్లోనే

నాలుగు కొనుగోళ్లు తెలిస్తే చాలు

2015లో ‘సైన్స్’ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. ఈవ్ అలెగ్జాండర్ ద మోంజొయ్ బృందం 11 లక్షల మంది మూడు నెలల పాటు జరిపిన క్రెడిట్ కార్డు లావాదేవీలను పరిశీలించింది. ఆ సమాచారంలో పేర్లు, కార్డు నంబర్లు, ఫోన్ నంబర్లు ఏవీ లేవు. ముందే తీసేశారు. అయినా ఒక మనిషి ఏ రోజు ఏ దుకాణంలో కొన్నాడో నాలుగు సందర్భాలు తెలిస్తే, నూటికి 90 మందిని ఆ గుంపులోంచి వేరు చేసి పట్టుకోవచ్చని తేలింది. ఎంత పెట్టి కొన్నారో ఉజ్జాయింపుగా తెలిస్తే ఆ పని ఇంకా సులువట.

నెలవారీ బడ్జెట్ గురించి రాయబోతూ ముందుగా ఈ సంగతి చెప్పడానికి కారణం ఉంది. ఒక ఇంటి జమాఖర్చుల పుస్తకం తిరగేస్తే ఆ ఇంట్లో ఎవరికి షుగరుందో, ఎవరి చదువుకు అప్పు తెచ్చారో, తమ్ముడికి ఎంత సర్దారో, ఏ డాక్టరు దగ్గరికి ఎన్నిసార్లు వెళ్లారో అంతా తెలిసిపోతుంది. పక్కన ఎవరో చూస్తున్నారంటే మనలో ఎవరమైనా కొన్ని పద్దులు రాయకుండా వదిలేస్తాం. పద్దు వదిలేసిన లెక్కతో బడ్జెట్ ఎప్పటికీ కుదరదు. అందుకే నోటు పుస్తకమైనా, కంప్యూటరైనా, ఫోన్లో యాప్ అయినా, ఇంటి లెక్క ఆ ఇంటివాళ్ల చేతిలోనే ఉండాలన్నది నా గట్టి అభిప్రాయం. ఈసారి ముచ్చట్లన్నీ దాని చుట్టూనే.

పడుకోబోయే ముందు నిల్వ తేల్చిన విద్యార్థి

1888లో బారిస్టరు చదువుకని లండన్ వెళ్లిన మోహన్‌దాస్ గాంధీ అక్కడ పైసా పైసాకీ లెక్క రాసేవారు. బస్సు చార్జీ, తపాలా బిళ్ల, పత్రిక కొన్న చిల్లర అన్నీ పుస్తకంలోకి ఎక్కేవి. రాత్రి పడుకునే ముందు నిల్వ తేల్చుకునేవారు. ఆత్మకథలో ఆయనే ఈ విషయం చెప్పుకున్నారు. ఆ లెక్కలు చూసుకున్నాకే ఖర్చు సగానికి తగ్గించాలని నిర్ణయించుకుని, బస మార్చి, బండి చార్జీలు మానేసి నడక మొదలుపెట్టారు. తర్వాతి రోజుల్లో లక్షల రూపాయల ప్రజాధనం తన చేతుల మీదుగా నడిచినా, ఏ ఉద్యమంలోనూ అప్పు పడకుండా మిగులే చూపగలగడానికి ఆ అలవాటే కారణమని రాసుకున్నారు. ముందు రాయడం, ఆ తర్వాతే తగ్గించడం. ఈ వరస గమనించదగ్గది. మనలో చాలామంది లెక్క రాయకుండానే తగ్గించబోతాం, రెండో వారానికి వదిలేస్తాం.

గృహిణుల కోసం ఒక విలేకరి చేసిన పుస్తకం

జపాన్‌లో ‘కకేబో’ అనే ఇంటి లెక్కల పుస్తకం పేరు మీరు వినే ఉంటారు. దాన్ని 1904లో అచ్చువేసి జనంలోకి తెచ్చింది హాని మొతోకో. ఆ దేశంలో తొలితరం మహిళా విలేకరి. గృహిణుల కోసం పత్రిక నడిపారు, 1921లో టోక్యోలో ‘జియూ గకుయెన్’ అనే పాఠశాల కూడా స్థాపించారు. ఆమె పుస్తకంలో ఖర్చు రాయడానికి ముందే ప్రతి పద్దుకూ ఇంత అని కేటాయింపు రాయాలి. తిండికి ఇంత, బట్టలకు ఇంత, పిల్లలకు ఇంత. ఆ తర్వాతే రోజువారీ ఖర్చు. ఖర్చయ్యాక లెక్క రాస్తే అది చిట్టా అవుతుంది, ఖర్చుకు ముందే కేటాయిస్తే బడ్జెట్ అవుతుంది. ఇప్పటి బడ్జెట్ యాప్‌లు చాలావరకు చేసేది ఇదే.

మన పాత ఇళ్లలో ఫస్టు తారీఖు జీతం చేతికి రాగానే పాలకు, కిరాణాకు, అద్దెకు, బడి ఫీజుకు విడివిడిగా కవర్లలో పెట్టి, పైన పేరు రాసి బీరువాలో సర్దేవారు. పోపుల డబ్బాలో దాచినది ఎవరికీ చెప్పని నిధి. ఆ పద్ధతిలో ఒక గొప్ప సుగుణం ఉంది. ఏ కవరు పలచబడిందో చేతికి తెలుస్తుంది.

బియ్యం కాదు, బయటి తిండి

తిండి ఖర్చు గురించి మొదట సూత్రం చెప్పింది జర్మన్ గణాంకవేత్త ఎర్నెస్ట్ ఏంగెల్. 1857లో బెల్జియం కార్మిక కుటుంబాల లెక్కలు పరిశీలించి, ఆదాయం తక్కువైన కొద్దీ అందులో తిండికి పోయే వాటా ఎక్కువవుతుందని తేల్చారు. ఇప్పటికీ ఒక కుటుంబం ఆర్థిక స్థితి అంచనా వేయడానికి ఆ వాటానే చూస్తారు.

మన దేశంలో 2023-24 గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం తలసరి నెల ఖర్చు సగటున పల్లెల్లో 4,122 రూపాయలు, పట్టణాల్లో 6,996 రూపాయలు. నలుగురున్న పట్టణ కుటుంబానికి ఇది దాదాపు 28 వేలు. ఇందులో తిండి వాటా పల్లెల్లో 47 శాతం, పట్టణాల్లో దాదాపు 40 శాతం. అసలు ఆశ్చర్యం లోపల ఉంది. 1999-2000లో పల్లె కుటుంబం ఖర్చులో బియ్యం, గోధుమలు, జొన్నల వంటి ధాన్యాల వాటా 22 శాతం దాకా ఉండేది. ఇప్పుడది 5 శాతం దగ్గర. పట్టణాల్లో పానీయాలు, చిరుతిళ్లు, తయారైన ఆహారం కలిపి మొత్తం ఖర్చులో 11 శాతం తీసుకుంటున్నాయి. తిండి సరుకుల్లో అన్నిటికన్నా పెద్ద పద్దు ఇదే.

కాబట్టి బడ్జెట్‌లో ‘కిరాణా’ అని ఒకే పద్దు పెట్టుకుంటే ఏం జరుగుతుందో చూడండి. సన్నబియ్యం బస్తా మీద వంద పెరిగితే ఇల్లంతా మాట్లాడుకుంటాం. సాయంత్రం పునుగులు, ఆదివారం బిర్యానీ, పిల్లల కూల్‌డ్రింకులు, ఆఫీసు క్యాంటీను టీలు మాత్రం ఎక్కడా కనిపించవు. ‘బయటి తిండి’ అని వేరే పద్దు పెట్టండి. మానేయమని నేననను. ఎంతవుతోందో తెలిస్తే చాలు, దానికి ఎంత ఇవ్వాలో ఇల్లే నిర్ణయించుకుంటుంది.

ఉచితంగా వచ్చింది, ఒకరోజు మూతపడింది

ఇంటి బడ్జెట్ కంప్యూటర్లోకి వచ్చిన కథ చిన్నదే. 1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ కలిసి ‘విజీక్యాల్క్’ విడుదల చేశారు. యాపిల్-2 కంప్యూటర్ మీద నడిచే ఆ గళ్ల కాగితంలో ఒక అంకె మారిస్తే మొత్తాలన్నీ వాటంతటవే మారేవి. ఆ రోజుల్లో అదో అద్భుతం. 1983లో స్కాట్ కుక్, టామ్ ప్రూ కలిసి ‘ఇంట్యూట్’ సంస్థ పెట్టారు. ఇంటి బిల్లులు కట్టడం ఎంత విసుగో భార్య చెప్పగా విని కుక్ తలపెట్టిన ‘క్వికెన్’ అందులోంచి వచ్చిందే.

2007లో అమెరికాలో ‘మింట్’ వచ్చింది. బ్యాంకు ఖాతాలన్నీ దానికి అప్పగిస్తే ఖర్చులన్నీ తనే విడదీసి చూపించేది. పైసా తీసుకునేది కాదు. క్రెడిట్ కార్డుల వంటివి సిఫార్సు చేసి, వాటి మీద వచ్చే రుసుముతో నడిచేది. 2009లో ఇంట్యూట్ దాన్ని 17 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. 2024 మార్చిలో మూసేసింది. ఏళ్ల తరబడి అందులో లెక్కలు చూసుకున్నవాళ్లు తమ చరిత్రను దింపుకుని వేరే చోటు వెతుక్కోవలసి వచ్చింది. సాధనం ఎంత బాగున్నా, లెక్క వేరేవాళ్ల సర్వర్లో ఉంటే దాని ఆయుష్షు మన చేతిలో ఉండదు.

ఫైలు మన దగ్గరే ఉండే సాధనాలూ ఉన్నాయి. ‘జీఎన్‌యూక్యాష్’ 1998లో తొలి స్థిర రూపంలో విడుదలైన ఉచిత సాఫ్ట్‌వేరు. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటి మీదా నడుస్తుంది. ఇంటర్నెట్ అక్కర్లేదు. తెలుగు అనువాదం కూడా ఉంది. ఇది జంట పద్దు పద్ధతిలో లెక్క రాస్తుంది. ప్రతి రూపాయీ ఎక్కడి నుంచి ఎక్కడికి పోయిందో రెండు చోట్లా పడుతుంది. 1494లో వెనిస్‌లో లూకా పచోలీ తన గణిత గ్రంథంలో వివరించిన పద్ధతి అదే. వ్యాపారం చేసే ఇళ్లకు ఇది బాగా నప్పుతుంది.

‘యాక్చువల్ బడ్జెట్’ది ఇంకో దారి. జేమ్స్ లాంగ్ అనే ప్రోగ్రామర్ దాన్ని కొన్నేళ్లు చందాకు ఇచ్చి, 2022లో అందరికీ ఉచితంగా, కోడుతో సహా విడుదల చేశారు. కవర్ల పద్ధతే దీని ప్రాణం. చేతిలో ఉన్న డబ్బునే పద్దులకు పంచనిస్తుంది, రాబోయే డబ్బును పంచమనదు. ఆటో నడిపేవారికి, చిన్న దుకాణం ఉన్నవారికి, పంట అమ్మితేనే డబ్బు చూసే రైతుకు ఈ పద్ధతిని మించింది లేదు. నెల జీతం లేనివాళ్లకు బడ్జెట్ కుదరదని చాలామంది అనుకుంటారు. నిజానికి వాళ్లకే అది ఎక్కువ అవసరం.

విమానం గుర్తు పరీక్ష

ఫోన్లో ఖర్చుల యాప్ ఒకటి దించుకున్నారనుకోండి. అది మన లెక్కను ఫోన్లోనే ఉంచుతుందా, బయటికి పంపుతుందా? పూర్తిగా తేల్చలేకపోయినా, మొదటి అంచనాకు ఒక తేలిక పరీక్ష ఉంది. ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, వైఫై కూడా ఆపి, యాప్ తెరిచి ఒక ఖర్చు రాయండి. రాయనిచ్చి, మొత్తం కూడా చూపిస్తే లెక్క ఫోన్లో ఉన్నట్టే. ఖాతా తెరిస్తే గానీ, ఇంటర్నెట్ ఉంటే గానీ కదలనంటే లెక్క ఇంకెక్కడో ఉంటుంది. తర్వాత కొన్ని రోజులు వాడి, సెట్టింగ్స్‌లో ఆ యాప్ ఎంత డేటా వాడిందో చూడండి. ఫోన్లోనే పనిచేసేదానికి పెద్దగా డేటా ఖర్చవదు.

రెండోది అనుమతులు. బ్యాంకు ఎస్సెమ్మెస్‌లు చదివి ఖర్చు తనే రాసుకునే యాప్‌లు మన దగ్గర చాలా ఉన్నాయి. సౌకర్యమే. కానీ ఎస్సెమ్మెస్ చదివే అనుమతి అంటే ఆ యాప్‌కు బ్యాంకు మెసేజీలే కాదు, ఓటీపీలు, ఆసుపత్రి మెసేజీలు, ఇంకా వచ్చేవన్నీ తెరిచి ఇచ్చినట్టే. కాంటాక్టుల అనుమతి అడిగే ఖర్చుల యాప్‌ను నేనైతే ఫోన్లో ఉంచను. లెక్క రాయడానికి మన చుట్టాల నంబర్లతో పనేముంది?

ఈ మాట తేలిగ్గా అనడం లేదు. 2020 చివర్లో హైదరాబాద్ చుట్టుపక్కల అప్పుల యాప్‌ల వేధింపులకు ప్రాణాలు పోయాయి. అప్పు తీసుకున్నవారి ఫోన్లోంచి లాగిన కాంటాక్టులకే ఫోన్లు చేసి పరువు తీశారు. పోలీసులు కేసులు పెట్టి అరెస్టులు చేశారు. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు డిజిటల్ రుణ మార్గదర్శకాలు ఇస్తూ, అప్పులిచ్చే యాప్‌లు ఫోన్లోని కాంటాక్టులు, కాల్ వివరాలు, ఫైళ్ల జోలికి పోకూడదని చెప్పింది. 2023 మే 31 నుంచి గూగుల్ ప్లే కూడా అప్పుల యాప్‌లు ఫొటోలు, కాంటాక్టులు తీసుకోవడాన్ని నిషేధించింది.

బ్యాంకు వివరాలు యాప్‌కు ఇవ్వాల్సి వస్తే, నెట్‌బ్యాంకింగ్ పాస్‌వర్డ్ మాత్రం ఎవరికీ ఇవ్వకండి. రిజర్వు బ్యాంకు అనుమతితో 2021 సెప్టెంబరు నుంచి నడుస్తున్న అకౌంట్ అగ్రిగేటర్ వ్యవస్థ ఉంది. ఏ వివరం, ఎందుకు, ఎన్నాళ్లకు అన్నది చెప్పి మన సమ్మతి తీసుకుంటారు. మధ్యవర్తి ఆ వివరాలు చదవలేడు, సమ్మతిని మనం వెనక్కి తీసుకోవచ్చు. అంతకన్నా నాకు నచ్చే దారి ఇంకొకటి. నెలకోసారి బ్యాంకు సైట్‌లోంచి స్టేట్‌మెంట్ మనమే దింపుకుని, మన కంప్యూటర్లోని ఫైల్లోకి ఎక్కించుకోవడం. యూపీఐ వచ్చాక ఇది బాగా తేలికైంది. 2016లో మొదలైన యూపీఐలో 2025 ఆగస్టులో తొలిసారి ఒకే నెలలో 2,000 కోట్ల లావాదేవీలు దాటాయి. పది రూపాయల కొత్తిమీర కట్ట కూడా స్టేట్‌మెంట్లో తేదీతో సహా ఉంటోంది.

ఆరు నిలువు గళ్లు

ఏ యాప్ మీదా నమ్మకం కుదరకపోతే ‘లిబ్రే ఆఫీస్ క్యాల్క్’ అనే గళ్ల కాగితం సాఫ్ట్‌వేరు చాలు. ఉచితం, కంప్యూటర్లోనే ఉంటుంది, తెలుగులో రాసుకోవచ్చు. ఆరు నిలువు గళ్లు పెట్టండి: తేదీ, వివరం, పద్దు, జమ, ఖర్చు, నిల్వ. ఒక వరస ఇలా ఉంటుంది: ‘5వ తేదీ, గ్యాస్ బండ, వంట’, ఖర్చు గడిలో దాని ధర. పక్క షీటులో పద్దుల పేర్లు, ఒక్కో దానికి కేటాయించిన మొత్తం. ‘సమిఫ్’ (SUMIF) అనే ఫార్ములా పద్దు పేరు చూసి ఆ పద్దు కింద ఖర్చంతా కూడి తెస్తుంది. కేటాయింపులోంచి దాన్ని తీసేస్తే మిగిలింది కనిపిస్తుంది. అదే మన కవరు.

పద్దులు పది, పన్నెండు మించకుండా చూసుకోండి. కందిపప్పు, మినప్పప్పు అని విడదీసుకుంటూ పోతే రాయడమే ఒక ఉద్యోగమైపోతుంది. ఫైలు సేవ్ చేసేటప్పుడు కనిపించే పాస్‌వర్డ్ గడిలో టిక్కు పెట్టండి. ఫైలు గూఢలిపిలో భద్రమవుతుంది. ఆ పాస్‌వర్డ్ మరిచిపోతే మళ్లీ తెచ్చిచ్చేవారు ఎవరూ ఉండరు. పెన్‌డ్రైవ్‌లో ఒక నకలు కూడా ఉండాలి.

ఇంట్లో ఎవరు రాయాలన్న గొడవ రాకూడదంటే, రాసేది ఒకరైనా నెలాఖరున కూర్చునేది ఇద్దరూ కావాలి. ‘ఏమండీ, ఈ 1,800 దేనికి?’ అని అడిగితే నేరం మోపినట్టు కాకుండా గుర్తుచేసినట్టు ఉండాలి. ‘సొంత ఖర్చు’ అని ఇద్దరికీ చెరో చిన్న పద్దు పెట్టి, అందులో వివరం రాయనక్కర్లేదని ముందే ఒప్పుకుంటే సగం పేచీలు పుట్టవు. భార్యాభర్తల మధ్య కూడా కొంత గోప్యత ఉండటంలో తప్పేమీ లేదు.

‘ఈ నెల ఒక్కటే’ అనే ఖర్చు

బడ్జెట్లు ఎక్కడ తప్పుతాయో పరిశోధకులు పట్టుకున్నారు. 2012లో అబిగైల్ సస్మన్, ఆడమ్ ఆల్టర్ ఒక విషయం చూపించారు. రోజూ ఉండే ఖర్చులను జనం బాగానే అంచనా వేస్తారు. అరుదుగా వచ్చే ఖర్చులను మాత్రం విడివిడిగా చూసి, ఇది ఈ ఒక్కసారికే అనుకుని ఎక్కువ పెట్టేస్తారు. ఈ నెల పెళ్లి, వచ్చే నెల ఫ్రిజ్ రిపేరు, ఆ పై నెల పిల్లాడి పళ్ల డాక్టరు. ఏదీ మళ్లీ రాదు, కానీ అలాంటిది ఏదో ఒకటి ప్రతి నెలా వస్తుంది. 2022లో చక్ హోవర్డ్ బృందం దీనికి మందు కూడా చెప్పింది. వచ్చే నెల ఖర్చు ఎంతని అంచనా వేసే ముందు, అది మామూలు కన్నా ఎందుకు తేడాగా ఉండవచ్చో కారణాలు ఆలోచించమంటే అంచనా నిజానికి దగ్గరగా వచ్చింది.

తెలుగు ఇంటికి ఆ కారణాలు వెతుక్కోవడానికి గోడ మీద క్యాలెండరే చాలు. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం అంటే పెళ్లి ముహూర్తాలు, చదివింపులు, ప్రయాణాలు. ఆషాఢంలో, పుష్యంలో పెళ్లిళ్లు ఉండవు, ఆ పద్దు ఖాళీ. శ్రావణంలో వరలక్ష్మీ వ్రతం, చీర, కాస్త బంగారం ఆశ. జూన్‌లో బళ్లు తెరుస్తారు. అక్టోబరు దగ్గర దసరా, దీపావళి. జనవరిలో సంక్రాంతికి ఊరెళ్లే టిక్కెట్లు. ఇవేవీ అకస్మాత్తుగా ఊడిపడవు. పంచాంగంలో ఏడాది ముందే అచ్చై ఉంటాయి.

ఒక ఇంటి ఏడాది ఖర్చులు ఇలా ఉన్నాయనుకుందాం. బడి ఫీజు 48,000. ఆరోగ్య బీమా 24,000. పండగ బట్టలు, ప్రయాణాలు 18,000. చదివింపులు 12,000. బండి బీమా, సర్వీసింగు 6,000. ఇంటి పన్ను 4,800. మొత్తం 1,12,800. పన్నెండుతో భాగిస్తే నెలకు 9,400. ఇది ప్రతి నెలా తీసి వేరే ఖాతాలో పెట్టాల్సిన డబ్బు. చాలా ఇళ్లలో బడ్జెట్ అంటే అద్దె, పాలు, కిరాణా, కరెంటు వరకే రాసి, మిగిలింది పొదుపు అనుకుంటారు. జూన్ రాగానే ఆ పొదుపు ఫీజుకు పోతుంది, మనసు చిన్నబోతుంది. అది పొదుపు కాదు, ముందే పేరు రాసి ఉన్న డబ్బు. ఇంటి పన్నుకు ముందే తీసిపెట్టినవారికి ఇంకో లాభం. ‘ఎర్లీ బర్డ్’ పథకం ప్రకటించిన ఏళ్లలో ఆ ఏడాది పన్ను ఏప్రిల్‌లోనే కట్టేస్తే హైదరాబాద్‌లో జీహెచ్ఎంసీ 5 శాతం తగ్గిస్తూ వచ్చింది.

201వ యూనిట్ ఖరీదు

తెలంగాణలో 2022 ఏప్రిల్ నుంచి అమలైన ఇళ్ల కరెంటు టారిఫ్‌లో 200 యూనిట్ల దగ్గర ఒక మెట్టుంది. సరిగ్గా 200 వాడితే మొదటి వందకు యూనిట్ 3.40 చొప్పున 340, తర్వాతి వందకు 4.80 చొప్పున 480, మొత్తం 820 రూపాయలు. ఇంకొక్క యూనిట్ వాడారనుకోండి. శ్లాబు మారిపోయి మొదటి 200 యూనిట్లకూ 5.10 చొప్పున 1,020, ఆ ఒక్క యూనిట్‌కు 7.70. మొత్తం 1,027.70. అంటే 201వ యూనిట్ ఖరీదు 207 రూపాయల 70 పైసలు. ఫిక్స్‌డ్ చార్జీలు వేరే.

2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద 200 యూనిట్ల దాకా సున్నా బిల్లు వస్తున్న ఇళ్లకైతే ఆ మెట్టు ఇంకా ఎత్తు. దాటితే ఆ నెల బిల్లంతా కట్టాలి. నెల మధ్యలో ఒకసారి మీటరు రీడింగు చూసి మీ షీటులో రాసుకోండి. పదిహేనో రోజుకే 120 దాటితే, ఇంకా సర్దుకోవడానికి సగం నెల ఉంటుంది.

చీటీ వాయిదాకు ఏ అంకె రాయాలి?

తెలుగు ఇళ్ల బడ్జెట్‌లో చీటీ లేని ఇల్లు తక్కువ. లక్ష రూపాయల చీటీ, 20 మంది, 20 నెలలు, నెలకు 5 వేలు అనుకుందాం. ఒక నెల పాట 20 వేలకు పోయింది. అందులో ఫోర్‌మన్ కమీషన్ 5 వేలు తీస్తే 15 వేలు మిగిలాయి. 20 మందికీ పంచితే తలా 750. ఆ నెల మీరు కట్టేది 4,250. మొదటి నెలల్లో అవసరం ఉన్నవాళ్లు ఎక్కువకు పాడతారు కాబట్టి వాయిదా తగ్గుతుంది, చివరి నెలలకు వచ్చేసరికి 5 వేల దగ్గరికి చేరుతుంది. అందుకని షీటులో ఎప్పుడూ 5 వేలే రాయండి. తగ్గిన 750ని పైన చెప్పిన ఏడాది ఖర్చుల ఖాతాలోకి మళ్లించండి. 1982 నాటి చిట్‌ఫండ్ చట్టంలో ఫోర్‌మన్ కమీషన్‌కు గరిష్ఠ పరిమితి 5 శాతం ఉండేది, 2019 సవరణతో 7 శాతమైంది. చేరే ముందు ఆ అంకె ఎంతో, చీటీ రిజిస్టర్ అయిందో లేదో అడగడం మన హక్కు.

72తో భాగించండి

అప్పు ఎన్నాళ్లకు రెట్టింపవుతుందో తెలియాలంటే 72ను వడ్డీ శాతంతో భాగించాలి. ఈ కిటుకు కూడా 1494 నాటి పచోలీ గ్రంథంలోనే ఉంది. క్రెడిట్ కార్డు బాకీ మీద నెలకు 3.5 శాతం అనుకుంటే 72ను 3.5తో భాగించండి. 20 నెలలు దాటగానే బాకీ రెట్టింపు. ‘మినిమం డ్యూ’ కట్టాం కదా అని ఊరుకోవద్దు. బాకీ పూర్తిగా కట్టని నెల నుంచి కొత్త కొనుగోళ్లకు వడ్డీ లేని గడువు కూడా పోతుంది, కొన్న రోజు నుంచే వడ్డీ నడుస్తుంది. బడ్జెట్‌లో అన్నిటికన్నా పైన ఉండాల్సిన వరస ఇదే.

నెల నెలా తమంతట తామే కోసుకునే చందాలనూ ఒక కంట కనిపెట్టండి. 2021 అక్టోబరు నుంచి అమల్లో ఉన్న రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం, ఇలాంటి ఆటో డెబిట్‌కు కనీసం 24 గంటల ముందు మనకు కబురు రావాలి, ఆపుకునే వీలుండాలి. ఆ మెసేజీ వచ్చిన రోజే షీటులో రాసుకుంటే, ఎవరూ చూడని ఓటీటీలు ఎన్నున్నాయో బయటపడుతుంది.

పాస్‌వర్డ్ ఎవరికి తెలుసు?

గోప్యతకు ఒక హద్దుంది. పదేళ్ల పాటు ఎవరూ ముట్టని డిపాజిట్లను బ్యాంకులు రిజర్వు బ్యాంకు నిర్వహించే నిధికి బదిలీ చేస్తాయి. అలాంటి ఖాతాలు వెతుక్కోవడానికి 2023 ఆగస్టులో ‘ఉద్గమ్’ అనే పోర్టల్ తెరిచారు. తండ్రి వేసిన డిపాజిట్ సంగతి పిల్లలకు తెలియక, భర్త ఖాతా సంగతి భార్యకు తెలియక ఆగిపోయిన డబ్బు అందులో ఎంతో ఉంటుంది. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు డిపాజిట్‌కు నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు, ఎవరికి ఎంత వాటా అన్నది కూడా రాయవచ్చు.

మీ బడ్జెట్ ఫైల్లోనే ఒక షీటు దీనికి కేటాయించండి. ఏ బ్యాంకులో ఖాతా, ఏ బీమా, ఏ చీటీ, ఎవరికి ఇవ్వాలి, ఎవరి దగ్గర నుంచి రావాలి, నామినీ ఎవరు. చేబదుళ్లు కూడా రాయండి, వాటికి కాగితం ఉండదు. ఆ షీటును ఏటా ఒకసారి, ఉగాది నాడో ఏప్రిల్ ఒకటినో, అచ్చు తీసి ఇంటి పత్రాలతో పాటు బీరువాలో పెట్టండి. ఫైలు పాస్‌వర్డ్‌ను కవర్లో వేసి, అంటించి, అదే అరలో ఉంచండి. ఆ కవరు ఉందని ఇంట్లో ఇంకొక్కరికైనా చెప్పండి.